అయిపోయిన సెల్‌తో ఎల్ఈడీ వెలుగుతుందా? 'జౌల్ థీఫ్' నిజమే.. 'ఫ్రీ కరెంట్' మాత్రం అబద్ధం!

టీవీ రిమోట్ మొరాయిస్తే మన ఇళ్లలో జరిగేది ఒక్కటే. ముందు అరచేత్తో రెండు దెబ్బలు. తర్వాత సెల్స్ తీసి అటూఇటూ మార్చడం. కొందరైతే కాసేపు ఎండలో పెట్టి మళ్లీ వేస్తారు. అప్పటికీ పనిచేయకపోతే ఇక చెత్తబుట్టలోకే!

కానీ అలా పారేసే సెల్‌తోనే తెల్ల ఎల్ఈడీని గంటల తరబడి వెలిగించే వీడియోలు ఇప్పుడు ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. చేత్తో చుట్టిన చిన్న రాగి కాయిల్, ఒక ట్రాన్సిస్టర్, ఒక రెసిస్టర్.. అంతే. లైట్ వెలిగిపోతుంది. ఇది ట్రిక్కా? నిజమా?

నిజమే. ఈ సర్క్యూట్ పేరు 'జౌల్ థీఫ్'. ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. అయితే ఇదే కాయిల్‌ను చూపించి 'బ్యాటరీ లేకుండా జీవితాంతం కరెంట్', 'ఇంటి బిల్లు జీరో' అంటూ చేస్తున్న ప్రచారం మాత్రం పచ్చి అబద్ధం. ఎక్కడి దాకా సైన్స్, ఎక్కడి నుంచి మోసం? పూర్తి వివరాలు చూద్దాం.

ముఖ్యాంశాలు

* తెల్ల ఎల్ఈడీ వెలగాలంటే దాదాపు 3 వోల్టులు కావాలి. ఒక్క పెన్సిల్ సెల్ ఇచ్చేది 1.5 వోల్టులే
* అయిపోయింది అనుకున్న సెల్‌లోనూ కొంత శక్తి మిగిలే ఉంటుంది
* కాయిల్ కొత్తగా శక్తిని పుట్టించదు. వోల్టేజీని పెంచుతుంది, బదులుగా కరెంట్‌ను తగ్గిస్తుంది
* సీఎఫ్ఎల్ బల్బులు విప్పడం, 230 వోల్టుల సప్లైతో ఆడుకోవడం ప్రాణాల మీదకు తెస్తుంది

అసలు సెల్ 'అయిపోవడం' అంటే ఏంటి?

చాలామంది అనుకునేది.. సెల్ అయిపోయింది అంటే ఖాళీ అయిపోయిందని. కానీ అది నీళ్ల ట్యాంక్ ఖాళీ అయినట్టు కాదు.

కొత్త ఆల్కలైన్ సెల్ దాదాపు 1.5 వోల్టులు ఇస్తుంది. వాడేకొద్దీ లోపలి రసాయనాలు ఖర్చవుతాయి. వోల్టేజీ మెల్లగా 1.3, 1.2, 1.1కి దిగుతుంది. అదే సమయంలో సెల్ లోపలి నిరోధం కూడా పెరుగుతుంది. అంటే గట్టిగా కరెంట్ లాగితే వోల్టేజీ ఇంకా పడిపోతుంది.

రిమోట్, బొమ్మ కారు, టార్చ్‌లైట్.. ఒక్కో పరికరానికి ఒక్కో కనీస వోల్టేజీ ఉంటుంది. దాని కిందికి పడితే అవి పనిచేయవు. మనం 'సెల్ అయిపోయింది' అంటాం. నిజానికి అయిపోయింది సెల్ కాదు, ఆ పరికరానికి సరిపడా వోల్టేజీ. అందుకే బొమ్మ కారులో పనిచేయని సెల్ గోడ గడియారంలో వేస్తే నెలల పాటు తిరుగుతుంది. గడియారానికి కావాల్సిన కరెంట్ చాలా తక్కువ కాబట్టి!

మరి ఎండలో పెడితే పనిచేస్తుందంటారు కదా? అందులో కొంత నిజం ఉంది. వేడికి లోపలి రసాయన చర్య కాస్త చురుగ్గా జరుగుతుంది. కాసేపు వోల్టేజీ నిలబడుతుంది. అంతే తప్ప ఎండ సెల్‌ను ఛార్జ్ చేయదు.

ఎల్ఈడీకి గడప ఎత్తు ఎక్కువ

పాత టార్చ్‌లో ఉండే ఫిలమెంట్ బల్బుకు వోల్టేజీ తగ్గితే మసకగా అయినా వెలుగుతుంది. ఎల్ఈడీ అలా కాదు. దానికో గడప ఉంటుంది. నీళ్లు గడప ఎత్తు దాటితేనే ఇంట్లోకి వస్తాయి. అలాగే వోల్టేజీ ఒక స్థాయి దాటితేనే ఎల్ఈడీలోంచి కరెంట్ పారుతుంది. ఎర్ర ఎల్ఈడీకి ఆ గడప దాదాపు 1.8 నుంచి 2 వోల్టులు. తెల్లది, నీలానికి దాదాపు 3 వోల్టులు.

కాబట్టి షాపు నుంచి ఇప్పుడే తెచ్చిన 1.5 వోల్టుల సెల్‌ను నేరుగా తెల్ల ఎల్ఈడీకి కలిపినా వెలగదు. ఇక 0.9 వోల్టులకు పడిపోయిన సెల్ సంగతి చెప్పేదేముంది? సరిగ్గా ఇక్కడే కాయిల్ పని మొదలవుతుంది.

1999లో ఒక చిన్న సర్క్యూట్.. తర్వాత వచ్చింది పేరు

నీలి ఎల్ఈడీ కాంతి ప్రపంచాన్ని మార్చేసింది. దానికి గాను ఇసాము అకసాకి, హిరోషి అమనో, షుజి నకమురాలకు 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. ఆ నీలి ఎల్ఈడీ మీద పసుపు రంగు ఫాస్ఫర్ పూత వేసి చేసిందే మనం చూసే తెల్ల ఎల్ఈడీ. 1990ల రెండో సగంలో ఇవి మార్కెట్లోకి వచ్చాయి. వాటితో పాటే హాబీగా సర్క్యూట్లు చేసుకునే వాళ్లకు ఒక చిక్కు వచ్చింది. ఒక్క సెల్‌తో దీన్ని వెలిగించడం ఎలా?

బ్రిటన్‌కు చెందిన 'ఎవ్రీడే ప్రాక్టికల్ ఎలక్ట్రానిక్స్' మ్యాగజైన్ 1999 నవంబర్ సంచికలో దీనికి జవాబు వచ్చింది. పాఠకులు పంపే ఐడియాలు వేసే శీర్షికలో జడ్. కపర్నిక్ అనే వ్యక్తి ఒక చిన్న సర్క్యూట్ ఇచ్చారు. ఒక్క వోల్టుతో ఎల్ఈడీ వెలిగించడం దాని ఉద్దేశం. తర్వాత బ్రిటన్‌కే చెందిన క్లైవ్ మిచెల్ దానికి 'జౌల్ థీఫ్' అని పేరు పెట్టి బాగా పాపులర్ చేశారు.

ఈ పేరులో ఒక చమత్కారం ఉంది. ఇంగ్లిష్‌లో నగల దొంగను 'జ్యువెల్ థీఫ్' అంటారు. శక్తిని కొలిచే ప్రమాణం పేరు 'జౌల్'. రెండూ వినడానికి ఒకేలా ఉంటాయి. సెల్‌లో మిగిలిన జౌళ్లను చివరి దాకా ఎత్తుకెళ్లే దొంగ అన్నమాట!

సర్క్యూట్ వెనుక ఉన్న సూత్రం మాత్రం పాతదే. 1831లో మైఖేల్ ఫారడే ఇనుప రింగుకు రెండు వైపులా తీగ చుట్టి ప్రయోగం చేశారు. ఒక చుట్టలో కరెంట్ మొదలైనప్పుడు, ఆగినప్పుడు మాత్రమే రెండో చుట్టలో కరెంట్ పుట్టింది. నిలకడగా పారుతుంటే ఏమీ లేదు! అయస్కాంత క్షేత్రం మారితేనే కరెంట్ పుడుతుంది. పదో తరగతి సైన్స్‌లో విద్యుదయస్కాంతత్వం పాఠం చదివిన వాళ్లకు ఇది గుర్తుండే ఉంటుంది.

1 వోల్టు 3 వోల్టులు ఎలా అవుతుంది?

నీళ్ల పైపుతో పోల్చితే సులువుగా అర్థమవుతుంది. ట్యాంక్ నుంచి పైపులో నీళ్లు జోరుగా వస్తున్నాయి. ట్యాప్‌ను ఒక్కసారిగా కట్టేశారు. పైపు 'దబ్' మని మోగుతుంది. పారుతున్న నీళ్లు ఠక్కున ఆగలేవు కాబట్టి ఆ క్షణంలో ఒత్తిడి మామూలు కంటే బాగా పెరుగుతుంది.

కాయిల్‌లో కరెంట్ కూడా అంతే. మొండిది. పారుతున్నప్పుడు ఆపితే ఒప్పుకోదు. ఎలాగైనా పారాలని వోల్టేజీని పైకి తంతుంది. ఆ తన్నుతోనే ఎల్ఈడీ గడప దాటుతుంది.

సర్క్యూట్‌లో జరిగేది వరుసగా ఇదీ..

1. సెల్ కలపగానే రెసిస్టర్ ద్వారా ట్రాన్సిస్టర్ బేస్‌కు కొద్దిగా కరెంట్ అందుతుంది. ట్రాన్సిస్టర్ తెరుచుకోవడం మొదలవుతుంది.
2. మొదటి కాయిల్‌లో కరెంట్ పెరుగుతుంది. ఆ మార్పు వల్ల రెండో కాయిల్‌లో వోల్టేజీ పుట్టి, బేస్‌ను ఇంకా గట్టిగా నెడుతుంది. ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకుంటుంది.
3. కొంతసేపటికి కరెంట్ ఇక పెరగలేని స్థితి వస్తుంది. మార్పు ఆగింది కాబట్టి రెండో కాయిల్ సాయం కూడా ఆగుతుంది. ట్రాన్సిస్టర్ ఒక్కసారిగా మూసుకుంటుంది.
4. కాయిల్ చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం కూలిపోతూ వోల్టేజీని పైకి తంతుంది. ఎల్ఈడీ ఒక్క మెరుపు మెరుస్తుంది.
5. నిల్వ ఉన్న శక్తి ఖర్చవగానే మళ్లీ మొదటికి.

ఇదంతా సెకనుకు వేల సార్లు జరుగుతుంది. మామూలుగా చుట్టిన కాయిల్‌తో సెకనుకు దాదాపు 50 వేల సార్లు ఉండొచ్చు. అంటే ఎల్ఈడీ నిజానికి నిలకడగా వెలగడం లేదు, వెలిగి ఆరుతోంది. మన కన్ను అంత వేగాన్ని పట్టుకోలేదు కాబట్టి నిలకడ వెలుగులా కనిపిస్తుంది.

ఇలా తనంతట తానే తెరుచుకుని మూసుకునే సర్క్యూట్‌ను 'బ్లాకింగ్ ఆసిలేటర్' అంటారు.

మన ఇంట్లోనే ఉన్న అన్నదమ్ములు

ఇదేదో ల్యాబ్ వింత అనుకోకండి. ఇదే కుటుంబానికి చెందిన సర్క్యూట్లు మన చుట్టూ చాలానే ఉన్నాయి.

దోమల బ్యాట్ చూడండి. లోపల ఉండేది చిన్న బ్యాటరీ. కానీ జాలీ మీదకు వచ్చేది వందల నుంచి వేల వోల్టులు. అక్కడా ట్రాన్సిస్టర్, చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో ఇలాంటి ఆసిలేటరే పనిచేస్తుంది. పెట్రోల్ కారులో ఇగ్నిషన్ కాయిల్ 12 వోల్టుల నుంచి వేల వోల్టులు పుట్టించి స్పార్క్ ప్లగ్‌ను మండిస్తుంది.

తోటల్లో, బాల్కనీల్లో గుచ్చే చిన్న సోలార్ లైట్లు కూడా అంతే. వాటిలో చాలా వరకు ఒక్క 1.2 వోల్టుల రీఛార్జబుల్ సెల్ మాత్రమే ఉంటుంది. పగలు సోలార్ ప్లేటు దాన్ని నింపుతుంది. రాత్రి నాలుగు కాళ్ల చిన్న చిప్, ఒక కాయిల్ కలిసి ఆ 1.2 వోల్టులను ఎల్ఈడీకి సరిపడా పెంచుతాయి. హాబీ సర్క్యూట్‌కు ఫ్యాక్టరీ రూపం అన్నమాట.

ఇంకా ముందుకెళ్తే, వేడిలో తేడా నుంచి వచ్చే అతి చిన్న వోల్టేజీని వాడుకునే చిప్‌లు కూడా ఉన్నాయి. ఎల్‌టీసీ 3108 అనే చిప్ సరైన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే 20 మిల్లీవోల్టుల నుంచే పని మొదలుపెడుతుంది. అంటే ఒక వోల్టులో యాభయ్యో వంతు!

ఇంట్లో చేసుకోవాలంటే ఏం కావాలి?

* ఒక ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్: బీసీ 547 లేదా బీసీ 337
* ఒక 1 కిలో ఓమ్ రెసిస్టర్
* ఒక తెల్ల ఎల్ఈడీ
* ఒక చిన్న ఫెరైట్ రింగు
* రెండు రంగుల సన్నని తీగలు
* వాడేసిన ఒక పెన్సిల్ సెల్

హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఇవి తేలిగ్గా దొరుకుతాయి. మిగతా ఊళ్లలో రేడియో, టీవీ రిపేర్ షాపుల్లో అడగొచ్చు. ఇన్సులేషన్ పూత ఉన్న రాగి తీగ కావాలంటే మోటార్ వైండింగ్ షాపులో తుక్కుగా పడి ఉండే ముక్క కూడా సరిపోతుంది.

రెండు తీగలనూ జంటగా పట్టుకుని రింగు చుట్టూ 10 నుంచి 15 చుట్లు చుట్టాలి. ఇప్పుడు మొత్తం నాలుగు కొసలు ఉంటాయి. ఒక రంగు తీగ మొదలును, రెండో రంగు తీగ చివరతో కలిపేయాలి. ఈ జాయింట్ సెల్ ప్లస్‌కు వెళ్తుంది. మిగిలిన రెండు కొసల్లో ఒకటి రెసిస్టర్ ద్వారా ట్రాన్సిస్టర్ బేస్‌కు, రెండోది నేరుగా కలెక్టర్‌కు. ఎమిటర్‌ను సెల్ మైనస్‌కు కలపాలి. ఎల్ఈడీ పొడుగు కాలు కలెక్టర్‌కు, పొట్టి కాలు ఎమిటర్‌కు.

బీసీ 547 చదునైన ముఖం మన వైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్ వరుసలో ఉంటాయి. వేరే నంబర్ ట్రాన్సిస్టర్ అయితే ఈ వరుస మారొచ్చు. ముందే చూసుకోవాలి.

వెలగలేదా? కారణం ఇవే కావచ్చు

మొదటిసారికే వెలిగితే అదృష్టమే. చాలామందికి వెలగదు. ఎక్కువగా జరిగే పొరపాట్లు మూడు.

మొదటిది, కాయిల్ కొసలు తారుమారు కావడం. రెండో కాయిల్ బేస్‌ను నెట్టాల్సింది పోయి వెనక్కి లాగుతుంది. సర్క్యూట్ మొదలే కాదు. ఒక కాయిల్ రెండు కొసలను అటూఇటూ మారిస్తే సరిపోతుంది.

రెండోది, రాగి తీగ మీద పూత గీకకపోవడం. చూడ్డానికి రాగి రంగులోనే ఉంటుంది కానీ దాని మీద కంటికి కనిపించని ఇన్సులేషన్ ఉంటుంది. కొసల్లో బ్లేడుతోనో, గరుకు కాగితంతోనో గీకాల్సిందే.

మూడోది, రింగు. పాత కంప్యూటర్ పవర్ సప్లైల్లో దొరికే పసుపు, తెలుపు రంగు రింగులు సాధారణంగా ఇనుప పొడితో చేసినవి. ఈ పనికి అంత బాగా రావు. ఫెరైట్ రింగే మేలు.

ఇంకో మాట. ఎల్ఈడీ లేకుండా సర్క్యూట్‌ను ఆన్‌లో ఉంచొద్దు. పైకి తన్నిన వోల్టేజీకి పోయే దారి ఉండదు. అది పదుల వోల్టులకు ఎగిరి ట్రాన్సిస్టర్‌నే పాడుచేయొచ్చు.

మామూలు సిలికాన్ ట్రాన్సిస్టర్‌తో ఈ సర్క్యూట్ మొదలవ్వాలంటే సెల్‌లో దాదాపు 0.6 వోల్టులు ఉండాలి. పాత రేడియోల్లో ఉండే జర్మేనియం ట్రాన్సిస్టర్ దొరికితే ఇంకా తక్కువకే మొదలవుతుంది.

ఇప్పుడు అసలు లెక్క.. ఎంత కరెంట్ వస్తుంది?

ఇక్కడే చాలామంది పొరబడతారు. 1 వోల్టు పెట్టి 3 వోల్టులు తీశాం కదా, అంటే కరెంట్ మూడు రెట్లు అయినట్టేగా? కానే కాదు.

శక్తి అంటే వోల్టేజీ ఒక్కటే కాదు. వోల్టేజీని కరెంట్‌తో గుణిస్తే వచ్చేది పవర్. ఉదాహరణకు 1 వోల్టు సెల్ నుంచి సర్క్యూట్ 50 మిల్లీ ఆంపియర్లు లాగుతోంది అనుకుందాం. అంటే లోపలికి వెళ్లేది 50 మిల్లీవాట్లు. చేత్తో చుట్టిన సాదా సర్క్యూట్‌లో కొంత వేడిగా పోతుంది. ఎల్ఈడీకి 30 మిల్లీవాట్లు చేరాయనుకుంటే, 3 వోల్టుల దగ్గర అది 10 మిల్లీ ఆంపియర్లే. వోల్టేజీ మూడింతలైంది, కరెంట్ ఐదో వంతైంది.

పెద్ద నోటుకు చిల్లర మార్చుకోవడం లాంటిదే ఇది. చేతిలో కాగితాల సంఖ్య పెరుగుతుంది. డబ్బు పెరగదు. పైగా ఇక్కడ చిల్లర ఇచ్చేవాడు కమీషన్ కూడా కోసుకుంటాడు!

ఇంకాస్త లోపలికి వెళ్దాం. కొత్త ఆల్కలైన్ పెన్సిల్ సెల్‌ను నెమ్మదిగా వాడితే అందులోంచి దాదాపు 10 వేల జౌళ్ల శక్తి వస్తుంది. వినడానికి పెద్ద అంకె. కానీ మన కరెంట్ మీటర్‌లో ఒక్క యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు! అంటే ఒక యూనిట్ కావాలంటే కొత్త సెల్స్ 360 కావాలి. యూనిట్ ఆరు రూపాయలు అనుకుంటే ఒక సెల్‌లో ఉన్న కరెంట్ విలువ రెండు పైసలు కూడా కాదు.

ఇక వాడేసిన సెల్‌లో మూడో వంతు కంటే కాస్త తక్కువగా, ఒక 3 వేల జౌళ్లు మిగిలాయనుకుందాం. వాటితో..

* 75 వాట్ల సీలింగ్ ఫ్యాన్ తిరిగేది 40 సెకన్లు
* 9 వాట్ల ఎల్ఈడీ బల్బు వెలిగేది ఐదున్నర నిమిషాలు
* 50 మిల్లీవాట్లు లాగే జౌల్ థీఫ్ పనిచేసేది 16 గంటలకు పైగా!

సెల్‌లో ఉన్నది అదే శక్తి. ఫ్యాన్‌కు అది చిటికెడు, చిన్న ఎల్ఈడీకి అదే కొండంత. ఈ సర్క్యూట్ గొప్పతనమంతా ఇందులోనే ఉంది. ఎక్కువ ఇవ్వడం దీని పని కాదు, కొంచెం కొంచెంగా తీసుకోవడం. సెకనుకు 50 వేల సార్లు తెరుచుకుంటే, ఈ దొంగ ఒక్కో దఫాలో ఎత్తుకెళ్లేది జౌల్‌లో పది లక్షల వంతే!

సెల్ వోల్టేజీ పడేకొద్దీ సర్క్యూట్ లాగే కరెంట్ కూడా తగ్గుతుంది. అందుకే వెలుగు మసకబారుతూ ఇంకా ఎక్కువసేపు మిణుకుతుంది. రాత్రిపూట చీకట్లో స్విచ్ బోర్డు వెతుక్కోవడానికి చాలు. పుస్తకం చదవడానికి చాలదు.

'ఫ్రీ ఎనర్జీ' ప్రచారం ఇక్కడి నుంచే మొదలైంది

అయిపోయిన సెల్ నుంచి వెలుగు చూడగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆ ఆశనే కొందరు సొమ్ము చేసుకుంటున్నారు. ఇంకొన్ని చుట్లు, ఇంకో అయస్కాంతం పెడితే బ్యాటరీ కూడా అక్కర్లేదని చెప్పి కిట్లు, డిజైన్లు అమ్ముతున్నారు.

ఇందులో అందరూ మోసగాళ్లే అని కాదు. నిజాయితీగా ప్రయోగం చేసేవాళ్లు కూడా రెండు చోట్ల పొరబడుతుంటారు. ఒకటి, మల్టీమీటర్. సెకనుకు వేల సార్లు ఎగిరిపడే కరెంట్‌ను మామూలు మల్టీమీటర్ సరిగ్గా కొలవలేదు. తప్పు అంకె చూసి, లోపలికి వెళ్లిన దానికంటే బయటికి ఎక్కువ వచ్చిందని అనుకుంటారు. రెండోది, సెల్ తేరుకోవడం. బాగా వాడిన సెల్‌ను ఒక రాత్రి పక్కన పెడితే వోల్టేజీ కొంత తిరిగి లేస్తుంది. కాయిలే దాన్ని ఛార్జ్ చేసిందని పొరబడతారు.

మరి వీడియోల్లో బ్యాటరీ లేకుండానే వెలుగుతోంది కదా? దానికి చాలా దారులున్నాయి. బిళ్లలా ఉండే 3 వోల్టుల బటన్ సెల్ ఒక్కటి అయస్కాంతం కిందో, జిగురు కిందో దాచితే చాలు, ఏ సర్క్యూట్ లేకుండానే ఎల్ఈడీ వెలుగుతుంది. బల్ల కింద ఇంకో కాయిల్ పెట్టి దానికి కరెంట్ ఇస్తే, పైన ఉన్న కాయిల్‌కు తీగ లేకుండానే శక్తి అందుతుంది. వైర్‌లెస్ ఫోన్ ఛార్జర్ పనిచేసేది ఇలాగే. వీడియోలో కనిపించేది బల్ల పైభాగం మాత్రమే!

కదలని అయస్కాంతాన్ని కాయిల్ పక్కన పెడితే కరెంట్ వస్తుందని చూపిస్తే అనుమానించాల్సిందే. ఫారడే 1831లోనే చూపించారు, మార్పు లేనిదే కరెంట్ లేదని. అయస్కాంతాన్ని కదిలిస్తే వస్తుంది. కానీ కదిలించే చేతికి తిండి పెట్టాలి కదా!

చిన్న నిజాన్ని పెద్దగా ఊదడం మోసపు వీడియోలకే పరిమితం కాలేదు. 2015లో అమెరికాలో 'బ్యాటరైజర్' అనే పరికరం పెద్ద చర్చ రేపింది. సెల్ మీద తొడిగితే వోల్టేజీ పెంచి బ్యాటరీ జీవితకాలాన్ని ఎనిమిది రెట్ల వరకు పెంచుతుందని ప్రచారం చేశారు. సూత్రం నిజమే, వోల్టేజీ పెంచొచ్చు. కానీ చాలా పరికరాలు సెల్‌లోని శక్తిని ముందే ఎక్కువ భాగం వాడేసుకుంటాయి. మిగిలిన కాస్త నుంచి ఎనిమిది రెట్లు ఎలా వస్తుందని ఇంజనీర్లు లెక్కలతో నిలదీశారు.

వీడియో చూసినప్పుడు ఈ 4 ప్రశ్నలు వేసుకోండి

1. శక్తి ఎక్కడి నుంచి వస్తోంది? సెల్, సూర్యుడు, గాలి, చేతి కండ.. ఏదో ఒకటి ఉండి తీరాలి.
2. ఎంతసేపు వెలిగించి చూపించారు? 30 సెకన్ల క్లిప్ దేనికీ రుజువు కాదు.
3. వోల్టేజీ మాత్రమే చెప్పి కరెంట్, వాట్లు చెప్పకుండా దాటేస్తున్నారా?
4. చివర్లో కిట్ కొనండి, డబ్బు పంపండి అంటున్నారా?

మొదటి ప్రశ్నకు జవాబు లేకపోతే మిగతా వీడియో చూడక్కర్లేదు.

జాగ్రత్త.. వీటి జోలికి వెళ్లొద్దు

ఒక్క సెల్‌తో చేసే జౌల్ థీఫ్‌లో షాక్ భయం లేదు. పిల్లలతో కలిసి చేయొచ్చు. ప్రమాదం దాని చుట్టూ ఉన్న పనుల్లో ఉంది.

ఫెరైట్ రింగు కోసం పాత సీఎఫ్ఎల్ బల్బులు విప్పమని కొన్ని వీడియోలు చెబుతాయి. ఆ గాజు గొట్టంలో పాదరసం ఉంటుంది. పగిలితే ఆవిరి పీల్చే ప్రమాదం. లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా ఛార్జ్ నిలిచి ఉండొచ్చు. రింగు కొనుక్కోవడమే మంచిది.

చేత్తో చుట్టిన ఏ కాయిల్‌నూ ఇంటి 230 వోల్టుల ప్లగ్‌కు కలపొద్దు. ఎవరు ఏ వీడియోలో చెప్పినా సరే.

ఫోన్లలో ఉండే లిథియం బ్యాటరీలను, రీఛార్జబుల్ సెల్స్‌ను జౌల్ థీఫ్‌తో అడుగంటా ఖాళీ చేయొద్దు. అవి పాడైపోతాయి. అలా పాడైన లిథియం బ్యాటరీని మళ్లీ ఛార్జ్ చేస్తే మంటలు రావొచ్చు. పారేసే ఆల్కలైన్, జింక్ కార్బన్ సెల్స్ మాత్రమే వాడాలి. వాటిని కూడా ఛార్జ్ చేసే ప్రయత్నం వద్దు.

చివరి దాకా పిండిన సెల్ కారే అవకాశం ఎక్కువ. ఆల్కలైన్ సెల్ నుంచి కారేది క్షారం. చర్మానికి తగిలితే వెంటనే నీళ్లతో బాగా కడగాలి. కళ్లలో పడితే నీళ్లతో కడుగుతూ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. చిన్నపిల్లలు బటన్ సెల్ మింగితే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పని పూర్తయ్యాక సెల్స్‌ను ఇంటి చెత్తలో కలపొద్దు. మన దేశంలో 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను విడిగా ఇవ్వాలి. వాటిని సేకరించి రీసైకిల్ చేసే బాధ్యత తయారీదారులపై ఉంది.

తరచూ వచ్చే సందేహాలు

నిమ్మకాయతో కూడా ఎల్ఈడీ వెలిగించొచ్చా?
నిమ్మకాయలో రాగి ముక్క, జింక్ పూత ఉన్న మేకు గుచ్చితే దాదాపు 0.9 వోల్టులు వస్తుంది. కరెంట్ మాత్రం అతి తక్కువ. కొన్ని నిమ్మకాయలు కలిపి, జౌల్ థీఫ్ పెడితే మసక వెలుగు సాధ్యమే. కానీ ఆ శక్తి నిమ్మకాయది కాదు. కరిగిపోతున్న జింక్‌ది.

దీంతో ఫోన్ ఛార్జ్ అవుతుందా?
అవ్వదు. ఫోన్‌కు వాట్లలో పవర్ కావాలి. ఇది ఇచ్చేది మిల్లీవాట్లు.

ఎక్కువ చుట్లు చుడితే వెలుగు పెరుగుతుందా?
కచ్చితంగా పెరుగుతుందని చెప్పలేం. చుట్లు పెరిగితే వేగం తగ్గుతుంది, తీగ నిరోధం పెరుగుతుంది. 10 నుంచి 15 చుట్లతో మొదలుపెట్టి, రెసిస్టర్ విలువ మార్చుకుంటూ చూడటమే పద్ధతి.

పిల్లలకు దీనివల్ల ఉపయోగం ఏంటి?
పుస్తకంలో బొమ్మగా చూసిన విద్యుదయస్కాంత ప్రేరణ చేతిలో వెలుగై కనిపిస్తుంది. ఖర్చు కూడా తక్కువే.

దొంగ పేరులోనే ఉంది జవాబు

ఈ సర్క్యూట్‌కు పేరిచ్చిన జౌల్ ఎవరో తెలుసా? 19వ శతాబ్దపు ఇంగ్లండ్ శాస్త్రవేత్త జేమ్స్ ప్రెస్కాట్ జౌల్. బరువులు కిందికి దిగుతుంటే నీళ్లలో రెక్కలు తిరిగే ఏర్పాటు చేసి, ఆ పనికి నీళ్లు ఎంత వేడెక్కాయో ఓపికగా కొలిచారు. ఎంత పని జరిగితే అంత వేడి. శక్తి రూపం మారుతుంది తప్ప కొత్తగా పుట్టదు అన్న సూత్రం నిలబడటానికి ఆ కొలతలే ఒక పునాది.

అంటే 'ఫ్రీ ఎనర్జీ' అని చూపిస్తున్న కాయిల్ మీద, అది కుదరదని కొలిచి చూపించిన మనిషి పేరే రాసి ఉంది!

పారేయబోయే సెల్‌లో మిగిలిన కాస్త శక్తిని వెలుగుగా మార్చడం చిన్న విషయం కాదు. దాన్ని చేసి చూడండి, పిల్లలకు చూపించండి. దాని పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.